కథ చెప్పేవాణ్ణి ఎంతవరకు నమ్మాలి?

గత సంచికలో ఉత్తమ పురుష కథల గురించి రాస్తూ, 'నేను' అని మొదలయ్యే కథను సాక్ష్యంగా వినాలి గాని తీర్పుగా తీసుకోకూడదు అన్నాను. ఆ ఒక్క మాట మీద చాలా ఉత్తరాలొచ్చాయి. ఒప్పుకున్నవాళ్ళున్నారు, పోట్లాడినవాళ్ళున్నారు, తాము రాసిన కథ పంపి చూడమన్నవాళ్ళూ ఉన్నారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాను. జవాబుల్లో కొన్ని పుస్తకాల ముగింపులు బయటపెట్టక తప్పదు. ఏ పుస్తకం సంగతి మాట్లాడుతున్నానో జవాబు మొదట్లోనే చెబుతాను. అది ఇంకా చదవనివాళ్ళు దయచేసి ఆ జవాబు వదిలేసి కిందికి వెళ్ళండి. ఏ పుస్తకాన్నయినా మొదటిసారి చదివే అవకాశం ఒక్కసారే వస్తుంది, దాన్ని నా చేతులతో పాడుచెయ్యలేను.

ప్రశ్న: మా అమ్మాయి ఇచ్చిన డిటెక్టివ్ నవల చదివాను. ఊరి డాక్టరు కథ చెబుతుంటాడు, డిటెక్టివ్‌కి సాయంగా తిరుగుతుంటాడు. తీరా చూస్తే హత్య చేసింది అతనే. పుస్తకం పొడుగునా అతని వెంట నడిచి, అతని మాట నమ్మి, చివరికి దగా పడ్డాను. రచయిత్రి ఇలా చెయ్యడం న్యాయమేనా?

జవాబు: మీరు పేరు రాయలేదు గాని ఇది అగాథా క్రిస్టీ నవల 'ద మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్'. 1926లో వచ్చినప్పుడే మీలాగే చాలామంది కోప్పడ్డారు. డిటెక్టివ్ నవలకి ఉండే కట్టుబాటు తప్పిందన్నారు. నేను మాత్రం క్రిస్టీ పక్షమే. ఎందుకో చెబుతాను, పుస్తకం దగ్గర ఉంటే తీసి చూడండి.

డాక్టర్ షెపర్డ్ ఆ రాత్రి ఆక్రాయిడ్ గదిలోంచి బయటికొచ్చిన సందర్భం ఉంది కదా. నౌకరు ఆక్రాయిడ్‌కి ఉత్తరం తెచ్చి ఇచ్చింది తొమ్మిదికి ఇరవై నిమిషాల ముందు అని రాస్తాడు. వెంటనే తరవాతి వాక్యంలో, తాను గది వదిలింది తొమ్మిదికి పది నిమిషాల ముందు, ఉత్తరం ఇంకా చదవకుండానే ఉంది అంటాడు. తలుపు పిడి మీద చెయ్యి వేసి, చెయ్యాల్సిందేమైనా మిగిలిపోయిందా అని వెనక్కి తిరిగి చూశానంటాడు. ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. రెండు వాక్యాల నడుమ పది నిమిషాలు పోయాయి, అంతే. ఆ పది నిమిషాల్లోనే మనిషి ప్రాణం పోయింది. చివరి అధ్యాయంలో షెపర్డే ఈ చోటు గుర్తుచేసి, మొదటి వాక్యం తరవాత నేను చుక్కల వరస పెట్టి ఉంటే ఎవరైనా అనుమానించేవారేమో అని తన నేర్పుకి తనే మురిసిపోతాడు.

మనకిది కొత్త విద్యేమీ కాదు. 'అశ్వత్థామ హతః' అని గట్టిగా పలికి 'కుంజరః' అని లోగొంతుకతో అన్న ధర్మరాజు చేసిందీ ఇదే. అన్నది నిజమే, వినేవాడికి చేరింది అబద్ధం. షెపర్డ్ గొంతు కూడా తగ్గించలేదు. గడియారంలో టైము తేడా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అచ్చువేయించాడు.

ఇంకొకటి ఉంది, అది నాకు మరీ ఇష్టం. షెపర్డ్ రాస్తున్న ఈ కథనాన్ని నవల లోపలే డిటెక్టివ్ పొయిరో అడిగి తీసుకుని చదువుతాడు. చదివి, చాలా వినయంగా రాశారు, మిమ్మల్ని మీరు వెనక్కి పెట్టుకున్నారు అని మెచ్చుకుంటాడు. మొదటిసారి చదివినప్పుడు అది ఒక మర్యాద మాట. రెండోసారి అది చేతికి బేడీ వేసిన చప్పుడు. ఇన్ని గుర్తులు దారి పొడుగునా పెట్టిన రచయిత్రి మిమ్మల్ని దగా చేసిందనడానికి నాకు మనసొప్పదు. మళ్ళీ ఒకసారి చదవండి. ఈసారి ఆ డాక్టరు గారి పక్కన మీరు వేరే మనిషిగా నడుస్తారు.

ప్రశ్న: నేను ఎం.ఏ. చదువుతున్నాను. పాఠంలో 'నమ్మదగని కథకుడు' అన్న మాట వచ్చింది. నిర్వచనం బట్టీ పట్టాను, పరీక్షలో రాశాను, మార్కులొచ్చాయి. కానీ కొత్త నవల చేతిలో పెట్టి, ఇతను నమ్మదగినవాడా కాదా చెప్పమంటే చెప్పలేను. దేన్ని పట్టుకోవాలి? అసలు 'నేను' అన్న ప్రతివాణ్ణీ అనుమానించాలా?

జవాబు: మీరు బట్టీ పట్టింది బహుశా వేన్ బూత్ చెప్పిన నిర్వచనమే అయి ఉంటుంది. ఆ అమెరికన్ విమర్శకుడు 1961లో 'ద రెటరిక్ ఆఫ్ ఫిక్షన్' అనే పుస్తకంలో ఈ మాట వాడుకలోకి తెచ్చాడు. కథ మొత్తం ఏ విలువల మీద నిలబడిందో ఆ విలువలకి కట్టుబడి మాట్లాడే కథకుడు నమ్మదగినవాడు, వాటికి ఎడంగా జరిగినవాడు కాదు అని ఆయన లెక్క. చక్కని మాటే. కానీ పుస్తకంలో వినపడేది ఒక్క గొంతే అయినప్పుడు, ఆ గొంతుకి ఎడంగా ఉన్న విలువల్ని ఎక్కడ వెతకాలి? మీరు ఇబ్బంది పడుతున్నది అక్కడే, ఆ ఇబ్బంది సరైనదే.

నా పద్ధతి చెబుతాను. పెన్సిలు పట్టుకోండి. కథకుడు తన గురించి చెప్పుకునేదంతా వదిలెయ్యండి. అతనితో మిగతా పాత్రలు అన్న మాటల కింద మాత్రం గీత గియ్యండి. ఒక అధ్యాయం పూర్తయ్యాక ఆ గీతల్ని వరసగా చదవండి. అతనికి తెలియకుండా అతని బొమ్మ మీ ముందుకొస్తుంది. ఎదుటివాళ్ళ మాటలు అతను కాగితం మీద పెట్టకుండా ఉండలేడు, పెట్టాక వాటి అర్థాన్ని తన చెప్పుచేతల్లో ఉంచుకోలేడు.

కజువో ఇషిగురో 'ద రిమైన్స్ ఆఫ్ ద డే' తీసుకుందాం. 1989లో వచ్చింది, అదే ఏడు బుకర్ బహుమతి గెలిచింది. స్టీవెన్స్ అనే బట్లర్ తన కథ చెబుతాడు. గొప్ప ఇంట్లో సేవకుడిగా 'హుందాతనం' అంటే ఏమిటో పేజీల కొద్దీ వివరిస్తాడు. 1923లో ఆ ఇంట్లో పెద్ద పెద్ద దేశాల ప్రముఖులు సమావేశమైన రోజుల్లో, పై అంతస్తులో స్టీవెన్స్ తండ్రి చావుబతుకుల్లో ఉంటాడు. కొడుకు పైకి వెళ్ళి చూస్తాడు, మళ్ళీ కిందికి దిగి అతిథులకి వైన్ పోస్తుంటాడు. తన మనసులో ఏముందో ఒక్క మాట రాయడు. వైన్ గురించి రాస్తాడు, అతిథుల సంభాషణ రాస్తాడు. అలా సాగుతుండగా ఒక కుర్రవాడు పలకరిస్తాడు: స్టీవెన్స్, నువ్వు బాగానే ఉన్నావా? బాగానే ఉన్నానండీ అంటాడు. కాసేపటికి యజమాని వచ్చి అడుగుతాడు: ఏమిటిది, నువ్వు ఏడుస్తున్నట్టున్నావే? స్టీవెన్స్ నవ్వి, జేబురుమాలు తీసి, గబగబా మొహం తుడుచుకుంటాడు. రోజంతా శ్రమ కదండీ, క్షమించండి అంటాడు.

ఒక్కసారి ఆగి చూడండి. ఏడుస్తున్న మనిషే మనకి కథ చెబుతున్నాడు. కన్నీళ్ళు అతని బుగ్గల మీదే ఉన్నాయి. అయినా ఆ సంగతి మనకి తెలిసింది అతని నోట కాదు, యజమాని నోట. యజమాని ఆ మాట అడగకపోతే ఆ గదిలో ఎవరూ ఏడవలేదనే మనం అనుకునేవాళ్ళం. ఆ పేజీ దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. ఇషిగురో ఒక్క విశేషణం కూడా వాడలేదు, కొడుకు దుఃఖం గురించి ఒక వాక్యం రాయలేదు.

అదే నవలలో ఇంకో గుర్తు చూడండి. ఆ ఇంట్లోనే పనిచేసే హౌస్‌కీపర్ మిస్ కెంటన్ గది తలుపు బయట తాను ఒక్కడే నిలబడ్డ జ్ఞాపకం ఒకటి స్టీవెన్స్‌కి ఉంది. లోపల ఆమె ఏడుస్తోందని అతనికి అనిపించింది. ఆమె పిన్ని పోయిన రోజున అలా నిలబడ్డానని మొదట చెబుతాడు. చాలా పేజీల తరవాత, కాదు, ఆ రోజు కాదేమో, ఇంకో రాత్రి అయి ఉంటుంది అని సవరించుకుంటాడు. ఆ ఇంకో రాత్రి, ఆమె వేరొకరితో పెళ్ళికి ఒప్పుకున్నానని అతనికి చెప్పిన రాత్రి. చావు దగ్గర దాచుకున్న ఏడుపు అసలు ఎవరి కోసమో ఆ సవరణతో తెలుస్తుంది. కథకుడు తేదీ సరిదిద్దుకున్న చోట పెన్సిలుతో రెండు గీతలు గియ్యండి. ఎవరూ అడగకుండానే మనిషి ఒక తేదీని కదిలించాడంటే దాని కింద ఏదో ఉంది.

ఇక అందర్నీ అనుమానించాలా అన్న ప్రశ్న. అక్కర్లేదు. చీర రంగు తప్పు చెప్పినవాడూ, వయసు మరిచిపోయినవాడూ నమ్మదగనివాళ్ళు కారు, మామూలు మనుషులు. తప్పులన్నీ ఒకే వైపుకి వాలుతున్నాయా అన్నది చూడండి. ప్రతి పొరపాటూ తనకే మేలు చేస్తుంటే, లేదా ప్రతి పొరపాటూ ఒకే మనిషిని దాస్తుంటే, అప్పుడు కూర్చుని ఆలోచించాలి. మొదటి పేజీ నుంచీ పోలీసులా చదివితే స్టీవెన్స్ మీకు దొరికిపోతాడు గాని, అతనితో పాటు మీ కళ్ళు చెమర్చవు. ఆ నష్టం పెద్దది.

ప్రశ్న: నేను బడిలో తెలుగు చెబుతాను. పిల్లలకి 'బుడుగు' చదివి వినిపిస్తే పడీ పడీ నవ్వుతారు. బుడుగు అబద్ధాలాడడు కదా, చూసింది చూసినట్టు చెబుతాడు. మరి ఇలాంటి పిల్లల కథనాన్ని నమ్మదగనిది అనడం సబబేనా?

జవాబు: నమ్మదగకపోవడానికి అబద్ధమే ఆడనక్కర్లేదు. ముళ్ళపూడి వెంకటరమణ గారు బుడుగుకి కళ్ళూ చెవులూ పూర్తిగా ఇచ్చారు, పెద్దవాళ్ళ లోకపు అర్థాలు మాత్రం ఇవ్వలేదు. బాబాయికీ రెండు జెళ్ళ సీతకీ నడుమ ఏం నడుస్తోందో బుడుగు చూసినంతా చెబుతాడు, అది ఏమిటో మాత్రం వాడికి తెలియదు. మనకి తెలుసు. ఆ రెండింటి మధ్య ఖాళీలోంచే నవ్వు పుడుతుంది. మీ తరగతిలో ఒక పని చేసి చూడండి. ఏదైనా ఒక సన్నివేశం చదివాక, ఇదే సంగతి బామ్మ చెబితే ఎలా చెబుతుంది అని అడగండి. పిల్లలు తమంతట తామే దృక్కోణం అంటే ఏమిటో కనిపెడతారు, ఆ మాట మీరు నేర్పక్కర్లేదు.

దీనికే ఇంకో ముఖం ఉంది, అది నవ్వించదు. మార్క్ ట్వేన్ రాసిన హకల్‌బెరీ ఫిన్ కథ అమెరికాలో 1885లో అచ్చయింది. బానిసత్వం చట్టబద్ధంగా ఉన్న కాలపు కథ. పారిపోతున్న జిమ్ అనే బానిసకి హక్ తోడుగా వెళతాడు. బానిసని యజమానికి పట్టివ్వకపోవడం దొంగతనమనీ, పాపమనీ వాడికి చిన్నప్పట్నుంచీ నూరిపోశారు. వాడది నమ్మాడు. జిమ్ ఎక్కడున్నాడో తెలుపుతూ యజమానురాలికి ఉత్తరం రాస్తాడు, రాశాక పాపం కడుక్కున్నట్టు తేలికపడతాడు. తరవాత జిమ్ తనని ఎలా చూసుకున్నాడో గుర్తొస్తుంది. చేతిలో ఉత్తరం వణుకుతుంది. సరే, అయితే నేను నరకానికే పోతాను అనుకుని ఉత్తరం చింపేస్తాడు.

వాడు తనని తాను చెడ్డవాణ్ణనుకుంటున్నాడు, మనసారా అనుకుంటున్నాడు. వాడి మాట నమ్మితే మనం ఆ పుస్తకాన్నే పోగొట్టుకుంటాం. తమని తాము ఎక్కువ చేసి చెప్పుకునే కథకులే ఎక్కువ. తన మంచితనం తనకే తెలియని కథకుడు అరుదు. మీ పిల్లలు కాస్త పెద్దయ్యాక ఈ ఘట్టం కూడా చదివి వినిపించండి.

ప్రశ్న: ఒకే హత్య గురించి ముగ్గురు మూడు రకాలుగా చెప్పే జపాన్ కథ చదివాను. సినిమా కూడా చూశాను. చివరికి చంపిందెవరు? మా ఇంట్లో దీని మీద పెద్ద వాదనే నడిచింది, మీరు తేల్చాలి.

జవాబు: అకుతగావా 1922లో రాసిన 'యాబు నో నాకా', అంటే పొదలో జరిగిన కథ. కురొసావా దాన్ని ఆధారం చేసుకుని 1950లో 'రషోమన్' తీశాడు. నేను తేల్చలేను, కథలో తేల్చడానికి కావలసింది రచయిత పెట్టలేదు. కానీ మీ ఇంటి వాదన ఇంకో దారిలో నడిపించమని కోరుతున్నాను.

మామూలుగా హత్య జరిగితే నిందితులు నేను కాదంటే నేను కాదంటారు. ఇక్కడ ముగ్గురూ నేనే అంటున్నారు. దొంగ, నేనే చంపాను అంటాడు. భార్య, నేనే పొడిచాను అంటుంది. చచ్చిన భర్త పూనకం వచ్చిన మనిషి నోటి నుంచి మాట్లాడుతూ, నన్ను నేనే పొడుచుకున్నాను అంటాడు. నేరం తప్పించుకోడానికైతే ఇలా చెప్పరు. మరి ప్రతివాళ్ళూ దేన్ని కాపాడుకుంటున్నారు? దొంగ మాటలు చూడండి: ఇరవై మూడో వేటుకి అతన్ని పడగొట్టాను, నాతో ఇరవై వేట్లు నిలబడ్డవాడు లోకంలో అతనొక్కడే అంటాడు. ప్రాణం పోతుందని తెలిసినా అతనికి వేట్ల లెక్క కావాలి. వీరుడిగా చావాలి. భార్యకి భర్త చూపులో కనిపించిన అసహ్యం మాసిపోవాలి. భర్తకి తన చావు తన చేతిలోనే జరిగిందన్న గౌరవం కావాలి. ఎవరు ఏది కాపాడుకుంటున్నారో తెలిసిందంటే ఆ మనిషి తెలిసినట్టే, చంపిందెవరో తెలియకపోయినా సరే.

అన్నట్టు, మీరు ముగ్గురు అన్నారు. మొట్టమొదట సాక్ష్యం చెప్పిన కట్టెలు కొట్టేవాణ్ణి మరిచిపోయారు. శవం దగ్గర ఒక తాడూ ఒక దువ్వెనా తప్ప ఏమీ లేవు, కత్తి కనబడలేదు అంటాడు. చచ్చిన భర్త చివరి మాటల్లో, ఎవరో మెల్లగా దగ్గరికొచ్చి నా గుండెల్లోంచి చిన్న కత్తి లాగారంటాడు. అకుతగావా ఈ రెండు ముక్కల్నీ కథకి ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి పెట్టి ఊరుకున్నాడు. సినిమాలో కురొసావా ఆ రెండింటినీ కలిపి కట్టెలు కొట్టేవాణ్ణి నిలదీయించాడు. కథ మళ్ళీ చదివితే, వినయంగా చేతులు కట్టుకుని నిలబడ్డ ఆ మొదటి సాక్షి దగ్గరే ఆగిపోతారు.

ప్రశ్న: ఒక స్నేహితురాలి మాట మీద 'లొలీటా' చదివాను. ఆ మనిషి చేసింది ఘోరం. అయినా మధ్య మధ్య అతని మాటలు ఎంత అందంగా ఉన్నాయో అనిపించింది, ఒకటి రెండు చోట్ల జాలి కూడా వేసింది. నా మీద నాకే అసహ్యం కలిగింది. నేను సరిగ్గా చదవలేదా?

జవాబు: సరిగ్గానే చదివారమ్మా. మీకు అసహ్యం కలిగిందంటే నబొకోవ్ చెయ్యదలచుకున్నది మీలో జరిగిందన్నమాట. 1955 నాటి ఈ నవలలో హంబర్ట్ జైల్లో కూర్చుని, జ్యూరీ వారిని పదే పదే సంబోధిస్తూ తన వాదన రాసుకుంటున్నాడు. అందమైన వాక్యం అతని వకీలు. పన్నెండేళ్ళ పిల్లని అతను ఏం చేశాడో మనం చూడకుండా ఉండాలని ఆ వాక్యాలు మన కళ్ళకి అడ్డంగా నిలబడతాయి.

ముందు పేరు చూడండి. ఆ పిల్ల పేరు డొలొరస్. లొలీటా అన్నది అతను పెట్టిన పేరు, పుస్తకం అట్ట మీద కూడా ఉన్నది ఆ పేరే. పిల్ల తరఫున మాట్లాడేవాళ్ళు లేరు. కానీ రచయిత ఆమెని అక్కడక్కడా వినిపించాడు. దేశం మీద కారులో తిరిగిన ఆ ప్రయాణాన్ని హంబర్ట్ కొండలూ రోడ్లూ హోటళ్ళూ అంటూ వర్ణించి వర్ణించి, ఒక పెద్ద వాక్యం కొసన, నేను నిద్ర నటించిన మరుక్షణం ఆమె ఏడుపు వినిపించేది, ప్రతి రాత్రీ, ప్రతి రాత్రీ అని రాస్తాడు. అంతే, అక్కడితో అధ్యాయం అయిపోతుంది. అంతకుముందు మనం చదివిన కొండలూ రోడ్లూ అన్నీ ఆ ఏడుపు కిందికి వచ్చేస్తాయి. ఆ ముక్క దగ్గర మీరు ఆగారా? ఆగకపోతే ఇప్పుడు తిరగెయ్యండి.

ఇంకా ముందుకి, పుస్తకం మొదటికి వెళ్ళండి. పిహెచ్.డి. పట్టా ఉన్న ఒకాయన రాసినట్టున్న ముందుమాట ఉంటుంది. దాంట్లో, ఒకావిడ ప్రసవంలో 1952 క్రిస్మస్ నాడు చనిపోయిందని, బిడ్డ కూడా దక్కలేదని ఒక వాక్యం. ఆవిడని భర్త పేరుతో, మిసెస్ రిచర్డ్ షిల్లర్ అని రాశారు. మనకి తెలిసినవాళ్ళు కాదు గనక చూపు దాటిపోతుంది. నవల చివరికొచ్చి డొలొరస్ పెళ్ళి చేసుకున్నది ఎవరినో తెలిశాక గాని, ఆ పిల్ల చావు మనం ఎప్పుడో చదివేశామని తట్టదు. ముందుమాటలు వదిలేసే అలవాటున్న పాఠకులకి నా మనవి, కల్పనలో ముందుమాట కూడా కథే.

జాలి వేసినందుకు బాధపడకండి. జాలి పడ్డారు, ఆ జాలి ఎక్కడ పడకూడని చోట పడిందో గుర్తుపట్టారు. ఆ పిల్ల గురించి బెంగ మిగిలితే చాలు.

ప్రశ్న: హెన్రీ జేమ్స్ 'ద టర్న్ ఆఫ్ ద స్క్రూ'లో దయ్యాలు ఉన్నాయా, లేక ఆ పంతులమ్మ భ్రమా? ఒక్క మాటలో చెప్పండి.

జవాబు: ఒక్క మాటలో ఎవరూ చెప్పలేకపోయారు. 1898 నాటి కథ. అది పంతులమ్మ మనసులోంచి పుట్టిందని విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ 1934లో రాశాడు, వాదన అప్పట్నుంచీ ఆగలేదు. చెరువు గట్టున ఆమె దయ్యాన్ని చూపిస్తే ఇల్లు చూసుకునే మిసెస్ గ్రోస్‌కి ఏమీ కనబడదు. ఇది భ్రమ వైపు. ముందు తాను ఎన్నడూ చూడని మనిషిని ఆమె వర్ణిస్తే, అదే మిసెస్ గ్రోస్ అతను ఫలానా చచ్చిపోయినవాడని ఆనవాలు పడుతుంది. ఇది దయ్యం వైపు. రెండు చోట్లా ఒకే మనిషి సాక్షి అన్నది గమనించండి. నాకు దయ్యాల కంటే పంతులమ్మ చదువు చెప్పే ఆ ఇద్దరు పిల్లల గురించే భయం.

ప్రశ్న: నేను రాసిన కథ జతచేశాను. తమ్ముడికి తాను ఎంతో చేశానని చెప్పుకునే అన్న కథ. నిజానికి అతను ఆ సాయంతో తమ్ముణ్ణి ఊపిరాడకుండా చేశాడు. ఇది పాఠకులకి తెలియాలి, కానీ అన్నకి తెలియకూడదు. ఎంత రాసినా ఏదో ఒకటి ఎక్కువైపోతోంది. సలహా ఇవ్వగలరా?

జవాబు: మీ కథ శ్రద్ధగా చదివాను. వస్తువు బలమైనది. మీ అన్న పాత్ర తన గొప్పలు నేరుగా చెప్పుకుంటోంది, 'నా అంత త్యాగం ఎవరు చేస్తారు' వంటి మాటలతో. అలాంటి మనిషిని పాఠకుడు రెండో పేరాలోనే వదిలేస్తాడు. త్యాగం అన్న మాట అతని నోట రాకూడదు. అతని గొప్ప అతనికి అలవాటై, కనిపించకుండా పోయి ఉండాలి. మీ కథలోని సంగతులతోనే ఒక ముక్క రాసి చూపిస్తాను, ఇది నమూనా మాత్రమే:

"తమ్ముడికి చేసింది నేనెప్పుడూ లెక్క పెట్టుకోలేదు. కాలేజీ ఫీజు రెండేళ్ళు కట్టాను, మూడో ఏడు సగం. కళ్ళజోడు రెండుసార్లు మార్పించాను, రెండోసారి ఫ్రేమ్ వాడే ఎంచుకున్నాడు, నేను చూపించినది కాదు. మొన్న ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. ఉద్యోగం మారదామనుకుంటున్నానని వాడు అన్నాడు. ఎక్కడికో నేను మాట్లాడతానులే అన్నాను. 'అన్నయ్యా, నువ్వు మాట్లాడొద్దు' అన్నాడు. వాడి మనసు మంచిది, నన్ను శ్రమపెట్టడం వాడికి ఇష్టం ఉండదు. మరదలు లోపలికి వెళ్ళింది, టీ పెట్టడానికి కాబోలు. నేను ఆరున్నర దాకా కూర్చున్నాను."

లెక్క పెట్టుకోలేదన్న మనిషికి మూడో ఏడు సగం అని గుర్తుంది. ఫ్రేమ్ సంగతి ఇన్నేళ్ళయినా పోలేదు. తమ్ముడి మాట సూటిగా ఉంది, అన్న దానికి తన అర్థం తొడిగాడు. టీ వచ్చిందో లేదో అతను చెప్పడు, పాఠకుడు అడుగుతాడు. ఇంతకంటే నేరుగా ఒక్క వాక్యం పడినా తూకం చెడుతుంది.

మీ కథలో మరదలు ఒక్కసారి కూడా నోరు విప్పదు. అది మంచి ఎంపిక, అలాగే ఉంచండి. కానీ ఆమె చేతులు ఏం చేస్తున్నాయో అన్న రాస్తూ ఉండాలి: తలుపు వెయ్యడం, గ్లాసు తీసెయ్యడం, పిల్లాణ్ణి పక్క గదిలోకి పిలవడం. అతను చూస్తాడు, అర్థం చేసుకోడు. తమ్ముడు అన్నని ద్వేషిస్తున్నట్టు మూడో పేజీలో రాశారు, అది తీసెయ్యండి. ఆ తమ్ముడికి అన్న మీద ప్రేమ కూడా ఉండాలి, లేకపోతే అతను ఇన్నేళ్ళు ఊరుకున్నాడంటే నమ్మశక్యంగా ఉండదు.

ఇక చివరి పేరా. రాత్రి అద్దం ముందు నిలబడి అన్న తన తప్పు తెలుసుకుని ఏడుస్తాడు. మీరు రెండు పేజీల పాటు జాగ్రత్తగా కట్టిన గోడని ఆ పేరాలో మీరే కూల్చారు. అన్నకి తెలియకూడదని మీరే ఉత్తరంలో రాశారు కదా. ఆ పేరా మొత్తం తీసేసి, 'వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్ళాలి' అని రెండో పేజీ మధ్యలో మీరు రాసిన వాక్యం తెచ్చి ఆఖర్న పెట్టండి. తిరగరాసి పంపితే మళ్ళీ చదువుతాను.